పశువైద్య లైబ్రేరియన్: పోస్టులు తక్కువ, పని చాలా

టర్కీ కోళ్లకు వచ్చే ఒక జబ్బు గురించి రీసెర్చ్ డేటాబేస్‌లో వెతకాలనుకోండి. ఇంగ్లీషులో ఆ పక్షి పేరూ దేశం పేరూ ఒకటే కాబట్టి అంకారా, ఇస్తాంబుల్ యూనివర్సిటీల నుంచి వచ్చిన పేపర్లు కుప్పలుగా వచ్చి పడతాయి, వాటిలో చాలావాటికి కోడితో సంబంధమే ఉండదు. గేదెల కోసం ‘బఫెలో’ అని కొడితే న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో పనిచేసే మనుషుల డాక్టర్లు రాసినవీ, అమెరికా బైసన్ మీద రాసినవీ కలగాపులగంగా వస్తాయి. ‘క్యాట్’ అంటే పిల్లి, ఒక రకం స్కానింగ్, పైగా ఒక ఎంజైమ్‌కి పొట్టి పేరు కూడా. ఈ చెత్తంతా ఏరి పారేస్తూనే పనికొచ్చే పేపర్ ఒక్కటి కూడా జారిపోకుండా పట్టుకోవడం కొంతమందికి ఫుల్ టైమ్ ఉద్యోగం. వెటర్నరీ మెడికల్ లైబ్రేరియన్ అంటారు వాళ్లని.

లైబ్రేరియన్ అనగానే కౌంటర్ వెనక కూర్చుని పుస్తకం మీద తేదీ ముద్ర వేసే మనిషే గుర్తొస్తే అందులో మన తప్పేం లేదు, మనం చూసింది అదే. అమెరికా, బ్రిటన్ వెటర్నరీ కాలేజీల్లో ఈ ఉద్యోగం తీరు వేరు. టీచింగ్ హాస్పిటల్ నుంచి ఫలానా జాతి తాబేలుకి మత్తు డోస్ మీద ఎవరైనా ఏమైనా రాశారా అని ప్రశ్న వస్తుంది, ఆ తాబేలు అప్పటికే టేబుల్ మీద ఉండొచ్చు. విద్యార్థులకు డేటాబేస్‌లో ఎలా వెతకాలో క్లాసు చెప్పాలి. ప్రొఫెసర్ రాస్తున్న రివ్యూ పేపర్‌కి సెర్చ్ తయారుచేయాలి. ఏటా ధర పెంచే పబ్లిషర్లతో బేరమాడాలి. వీళ్లలో ఎక్కువమంది పశువైద్యులు కారు, లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ చేసి ఉద్యోగంలో చేరాక జంతువుల సంగతి నేర్చుకున్నవాళ్లు. డిగ్రీలో బయాలజీ ఉంటే కొంత సుఖం, లేకపోయినా నడుస్తుంది, కానీ రుమినెంట్ అంటే నెమరువేసే జంతువని కూడా తెలియకుండా మొదటి ఏడాది గడవడం కష్టం.

ఈ వృత్తి కొత్తదేం కాదు. కార్నెల్ వెటర్నరీ కాలేజీ లైబ్రరీ 1897లో న్యూయార్క్ మాజీ గవర్నర్ రోజ్‌వెల్ ఫ్లవర్ ఇచ్చిన డబ్బుతో మొదలైంది, ఆయన పేరు ఇప్పటికీ దానికి ఉంది. అమెరికాలో మెడికల్ లైబ్రరీ అసోసియేషన్ 1898లో పుట్టింది, అందులో జంతు వైద్య సమాచారం చూసేవాళ్లు కాలక్రమంలో విడిగా ఒక విభాగం పెట్టుకున్నారు. 1992లో ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఇలాంటివాళ్ల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగింది. ప్రపంచం మొత్తం మీద చూసినా చిన్న గుంపు, అందుకే ఒకరికి దొరకని పేపర్ ఇంకో దేశంలో ఉన్నవాళ్లని అడిగి తెప్పించుకోవడం వీళ్లకి మామూలు.

మనుషుల మెడికల్ లైబ్రరీ ఉండగా విడిగా ఈ మనిషి ఎందుకు? అసలు విషయం ఇక్కడే ఉంది. మనుషుల వైద్యంలో పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల డేటాబేస్ ఒక్కటి బాగా వాడటం వస్తే చాలా దూరం వెళ్లొచ్చు. 1997 నుంచి అది అందరికీ ఉచితం కావడంతో, వెటర్నరీ విద్యార్థులూ అదే తెరిచి, అందులో లేకపోతే ఇక లోకంలోనే లేదనుకుంటారు. 2012లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ బృందం ఒక లెక్క తీసింది. పశువైద్యానికి సంబంధించిన 1,139 జర్నళ్లను తీసుకుని, తొమ్మిది డేటాబేస్‌లలో ఏది ఎన్నింటిని కవర్ చేస్తుందో చూశారు. క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్‌లో 90 శాతం ఉన్నాయి, మిగతావన్నీ చాలా వెనకబడ్డాయి. అంటే పబ్‌మెడ్ మాత్రమే చూసి ‘దీని మీద పెద్దగా పని జరగలేదు’ అని థీసిస్‌లో రాసేవాళ్లు, తమకు తెలియకుండానే బోలెడు జర్నళ్లను తలుపు బయటే ఉంచేస్తున్నారు.

ఆ క్యాబ్ ఎక్కడిది అంటే, బ్రిటిష్ సామ్రాజ్యం తన వలసల్లోని పంటలూ పశువుల రోగాల మీద సమాచారం ఒకచోట చేర్చుకోవడానికి పెట్టుకున్న బ్యూరోల వారసత్వం. 1930ల మొదట్లో మొదలైన వెటర్నరీ బులెటిన్, ఇండెక్స్ వెటెరినారియస్ లాంటి అచ్చు సూచికలు తర్వాత కంప్యూటర్‌లోకి వెళ్లాయి. వలస పాలన మిగిల్చినవాటిలో పనికొచ్చేది ఇదొకటి అనొచ్చు, ఎందుకంటే గేదెలు, మేకలు, ఒంటెలు, నాటు కోళ్ల మీద ఆసియా, ఆఫ్రికా దేశాల జర్నళ్లలో వచ్చిన పని అక్కడే ఎక్కువ దొరుకుతుంది. కాకపోతే దానికి డబ్బు కట్టాలి.

పేర్ల గొడవ ఇంకోటి. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో కనబడింది కాబట్టి ప్రపంచానికి న్యూకాసిల్ వ్యాధి. మన దేశంలో కుమావ్ కొండల్లోని రాణీఖేత్‌లో బయటపడింది కాబట్టి మన పాత పేపర్లలో, వ్యాక్సిన్ల పేర్లలో అది రాణీఖేత్ వ్యాధి. ఒక్క పేరుతో వెతికితే సగం చరిత్ర పోతుంది. అందుకే లైబ్రేరియన్ ఒక సెర్చ్ తయారుచేసేటప్పుడు జబ్బుకున్న పేర్లన్నీ, క్రిమి శాస్త్రీయ నామం పాతదీ కొత్తదీ, జంతువు పేరు ఏకవచనం, బహువచనం, ఆడదాని పేరు, మగదాని పేరు, పిల్ల పేరు విడివిడిగా రాసుకుంటారు. పందికే ఇంగ్లీషులో అరడజను మాటలున్నాయి. ఇది బోర్ కొట్టే పనే. ఇది సరిగ్గా చేయకపోతే మిగతాదంతా వృథా అనేది కూడా అంతే నిజం.

ఈ ఉద్యోగంలో అన్నిటికంటే విలువైన జవాబు ‘దీని మీద ఏమీ లేదు’ అనేది. వినడానికి వింతగా ఉంటుంది. మనుషుల వైద్యంలో ఒక ప్రశ్న వేస్తే వేల మంది పేషెంట్ల మీద చేసిన ట్రయల్స్ దొరకొచ్చు. పశువైద్యంలో జాతులు ఎక్కువ, డబ్బు తక్కువ, కాబట్టి చాలా ప్రశ్నలకు దొరికేది మూడు కుక్కల మీద రాసిన ఒక కేసు రిపోర్టు, లేదా ఏదో కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో ఒక పేజీ. ఒక్కోసారి అదీ ఉండదు. అప్పుడు డాక్టర్ దగ్గరి జాతి నుంచి, లేదంటే మనుషుల నుంచి డోస్ లెక్కగట్టుకోవాలి. అలా లెక్కగట్టే ముందు నిజంగానే ఏమీ లేదా, లేక మనం సరిగ్గా వెతకలేదా అన్నది తేల్చి చెప్పగలిగినవాళ్లు కావాలి. ‘ఫలానా నాలుగు చోట్ల, ఫలానా మాటలతో, ఫలానా తేదీ వరకు వెతికాను, లేదు, దగ్గర్లో ఉన్నది ఇదీ’ అని రాసి సంతకం పెట్టగలగడం ఈ వృత్తిలో అనుభవానికి గుర్తు. కొత్తవాళ్లు ఏదో ఒకటి దొరికేదాకా ఆగలేక సగం సంబంధం ఉన్న పది పేపర్లు పంపేస్తారు, ఆ పది చదివే టైమ్ డాక్టర్‌కి ఉండదు.

వేరే జాతి నుంచి లెక్కగట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ పారాసెటమాల్. మనుషులకు రోజువారీ మాత్ర, పిల్లికి విషం, ఎందుకంటే దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే ఒక దారి పిల్లి కాలేయంలో చాలా బలహీనం. ఇంకా సూక్ష్మమైనది పరాన్నజీవులకు వాడే ఐవర్‌మెక్టిన్ కథ. అదే కుక్క జాతిలోనే కోలీ అనే బ్రీడ్‌కి ఈ మందు ఎక్కువ డోస్ పడదని 1980ల నుంచే రిపోర్టులు వచ్చాయి, దానికి కారణమైన జన్యు లోపాన్ని 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పట్టుకున్నారు. ‘కుక్క, ఐవర్‌మెక్టిన్, డోస్’ అని వెతికితే ఒక జవాబు, బ్రీడ్ కూడా కలిపి వెతికితే వేరే జవాబు. లైబ్రేరియన్ ముందుగా ‘ఏ బ్రీడ్?’ అని ఎదురు ప్రశ్న వేయడం అతి తెలివి కాదు.

జవాబు ఎదురుచూడని చోట ఉండటం ఇంకో తిప్పలు. పశువులకు నొప్పి, జ్వరం తగ్గించడానికి డైక్లోఫెనాక్ వాడేవాళ్లం. ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చనిపోతున్నాయని 2004లో నేచర్ పత్రికలో పాకిస్తాన్‌లో జరిగిన పని ఆధారంగా పేపర్ వచ్చింది. మన దేశం 2006లో పశువులకు ఆ మందు నిషేధించింది, 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఆవుకి ఏ పెయిన్ కిల్లర్ ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబులో ముఖ్యమైన భాగం ఆవుల జర్నల్‌లో కాదు, పక్షుల మీద, వన్యప్రాణి సంరక్షణ మీద వచ్చిన పేపర్లలో ఉంది. పల్లెలో ఆవుల్ని చూసే డాక్టర్ వాటిని చదివే అవకాశం ఎంత? పశువైద్య సాహిత్యం ఇలాగే వ్యవసాయం, విషాల శాస్త్రం, మనుషుల వైద్యం, అడవులు అన్నిటిలో చెల్లాచెదురుగా పడి ఉంటుంది. ఒక్క సబ్జెక్టు తెలిసినవాళ్లకంటే, సబ్జెక్టుల మధ్య గోడలు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు ఇక్కడ ఎక్కువ ఉపయోగం.

పాత పేపర్లు చావకపోవడం కూడా వీళ్లకే ప్రత్యేకం. గుండె జబ్బుల డాక్టర్‌కి ఇరవై ఏళ్ల పేపర్ చరిత్ర కిందే లెక్క. పశువుల్లో సర్రా వ్యాధికి కారణమైన పరాన్నజీవిని గ్రిఫిత్ ఇవాన్స్ అప్పటి భారతదేశంలోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో 1880లో కనిపెట్టాడు, అప్పటి వర్ణనలు ఇప్పటికీ తీసి చూసేవాళ్లున్నారు. ఇండియన్ వెటర్నరీ జర్నల్ 1924 నుంచి వస్తోంది. వెనకటి సంచికల్లో ఉన్నది కంప్యూటర్‌లో దొరక్కపోతే దుమ్ము పట్టిన బైండింగులే గతి, అవి పడేయాలా ఉంచాలా అని నిర్ణయించేది కూడా ఈ లైబ్రేరియనే. స్థలం లేదని పైవాళ్లు ఒత్తిడి పెడుతుంటే ఏది ఉంచాలో తేల్చడం చిన్న టెన్షన్ కాదు.

చట్టం వల్ల పుట్టిన పని ఒకటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. అమెరికాలో 1966 నాటి జంతు సంక్షేమ చట్టాన్ని 1985లో సవరించినప్పుడు, జంతువుకు నొప్పి కలిగించే ప్రయోగం చేసేముందు ప్రత్యామ్నాయాలు ఉన్నాయేమో పరిశోధకుడు చూడాలనే నిబంధన వచ్చింది. దాని కోసమే బెల్ట్స్‌విల్‌లోని జాతీయ వ్యవసాయ లైబ్రరీలో జంతు సంక్షేమ సమాచార కేంద్రం పెట్టారు. మామూలుగా ఆ వెతుకులాటను ఏ డేటాబేస్, ఏ మాటలు, ఏ ఏళ్లు అని రాసి కమిటీకి చూపాలి. 1959లో రసెల్, బర్చ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పిన సూత్రం, అంటే వీలైతే జంతువు లేకుండా చేయడం, లేకపోతే తక్కువ జంతువులతో చేయడం, అదీ కాకపోతే తక్కువ బాధతో చేయడం, ఆచరణలో ఒక మంచి సెర్చ్‌తోనే మొదలవుతుంది. మన దేశంలోనూ 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద జంతువుల ప్రయోగాలకు సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, దరఖాస్తులో జంతువులు ఎందుకు తప్పనిసరో రాయాలి. ఆ గడి నింపడానికి ఎంతమంది లైబ్రరీ మెట్లెక్కుతారు? నలుగురు మాట్లాడుకుని పాత దరఖాస్తులోంచి కాపీ కొట్టడమే సులువు. ఇక్కడ లైబ్రేరియన్ లేకపోవడం వల్ల నష్టపోయేది కుందేలు.

ఇక మన తెలుగు రాష్ట్రాలకు వస్తే. వెటర్నరీ కాలేజీలకు కొదవ లేదు: రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, కోరుట్ల, మామునూరు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో వచ్చింది, అంతకుముందు అప్పటికి ఉన్న కాలేజీలు వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు పి.వి. నరసింహారావు పేరుతో వేరే పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. ప్రతి కాలేజీలో లైబ్రరీ ఉంటుంది. పశువైద్య లైబ్రేరియన్ అనే వృత్తి మాత్రం లేదు, ఉన్నది లైబ్రేరియన్ పోస్టు. అందులో చేరేవాళ్లు ఏ యూనివర్సిటీలోనైనా పనిచేయగల ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ మాస్టర్స్) వాళ్లు, వాళ్లకు జంతువైద్యం నేర్పే ఏర్పాటు ఎవరూ చేయరు, నేర్చుకున్నా ప్రమోషన్‌లో దానికి విలువ కనబడదు. తప్పు మనుషులది కాదు, పోస్టు తయారుచేసిన తీరుది.

సమాచారం లేక ఇలా అయిందా అంటే అదీ కాదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2007లో సెరా అనే కన్సార్షియం పెట్టి జర్నళ్లను ఉమ్మడిగా కొని వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. థీసిస్‌ల కోసం కృషికోశ్ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ (ఐవీఆర్ఐ) లైబ్రరీకి జాతీయ పశువైద్య శాస్త్ర లైబ్రరీ హోదా ఉంది. 2024 నవంబర్‌లో కేంద్రం 6,000 కోట్ల రూపాయలతో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కి ఒప్పుకుంది, మరుసటి జనవరి నుంచి 30 మంది పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ సంస్థల విద్యార్థులకు తెరుచుకున్నాయి. పేపర్ తెరిచే హక్కు వచ్చింది, ఏ పేపర్ తెరవాలో నేర్పే మనిషి రాలేదు.

ఆ మనిషి టైమ్ దేనికి పోతోందో చూస్తే ఇంకా బాధ. 2018లో యూజీసీ కాపీ నిరోధక నిబంధనలు వచ్చాక థీసిస్‌లో ఎంత భాగం వేరేచోటి రాతతో కలుస్తుందో చూపే సిమిలారిటీ రిపోర్టులు తీయడం చాలాచోట్ల లైబ్రరీ నెత్తిన పడింది. 10 శాతం దాటకుండా చూసుకోవడం కోసం విద్యార్థి లైబ్రరీకి నాలుగుసార్లు వస్తాడు, రివ్యూ ఆఫ్ లిటరేచర్ అధ్యాయం ఎలా వెతికి రాయాలో అడగడానికి ఒక్కసారీ రాడు. వాడికి సీనియర్ థీసిస్ ఉంది, అందులోని రిఫరెన్సులు ఉన్నాయి, అవే మాటలు మార్చి ఇందులోకి వస్తాయి, పొదుగువాపు మీద ఏటా వచ్చే థీసిస్‌లలో అవే పాత పేర్లు తిరుగుతుంటాయి. అసలు పేపర్ తెరిచి చూసినవాళ్లు ఎందరో అడక్కపోవడమే మర్యాద.

ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకు లెక్కలు సూటిగా చెప్పుకుందాం. మన దేశంలో బీఎల్ఐఎస్సీ, ఎంఎల్ఐఎస్సీ, తర్వాత 55 శాతం మార్కులతో పాటు లైబ్రరీ సైన్స్‌లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఉంటే యూనివర్సిటీ అసిస్టెంట్ లైబ్రేరియన్‌కి అర్హత. యూజీసీ స్కేలు కాబట్టి మొదటి బేసిక్ 57,700, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానం. జీతం గురించి ఫిర్యాదు అక్కర్లేదు, ఫిర్యాదు నోటిఫికేషన్ల గురించి. అవి అరుదు, వచ్చినా ఒకటి రెండు పోస్టులు, మిగతా పని కాంట్రాక్టు మీద. 1935లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్స్ కోర్సు పెట్టిన ప్రాంతం ఇది, అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు గ్రంథాలయాన్ని ఉద్యమంగా నడిపిన నేల. ఇక్కడ ఈ చదువుకు ఇప్పుడు గిరాకీ ఇంత తక్కువగా ఉండటం ఆశ్చర్యమే.

అమెరికాలో గుర్తింపు ఉన్న లైబ్రరీ సైన్స్ మాస్టర్స్ కావాలి. అక్కడి వెటర్నరీ కాలేజీలకు గుర్తింపు ఇచ్చే ప్రమాణాల్లో సమాచార వనరులు ఒక ప్రత్యేక అంశం, అందుకని ఈ పనిని పూర్తిగా ఎత్తేయడం కష్టం. అలాగని సుఖంగా ఉందనుకోవద్దు. విడిగా ఉండే వెటర్నరీ లైబ్రరీలను పెద్ద హెల్త్ సైన్సెస్ లైబ్రరీలో కలిపేయడం కొంతకాలంగా నడుస్తున్న ధోరణి, కలిపాక ఒకే మనిషి వెటర్నరీతో పాటు ఫార్మసీ, నర్సింగ్ కూడా చూస్తారు. ఇండియాలో బీవీఎస్సీ చేసి అక్కడికి వెళ్లినవాళ్లకు డాక్టర్‌గా లైసెన్స్ రావాలంటే ఈసీఎఫ్‌వీజీ లాంటి పరీక్షల దారి పొడుగు, ఖర్చు ఎక్కువ. అలాంటివాళ్లు లైబ్రరీ మాస్టర్స్ వైపు చూడటం తక్కువ, నిజానికి గేదె, మేక, నాటు కోడి కళ్లతో చూసిన లైబ్రేరియన్ అక్కడి బృందంలో అరుదైన మనిషి అవుతారు. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్‌కి అనుబంధంగా ఉన్న నాలెడ్జ్ సంస్థ ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లకు కూడా లైబ్రరీ సేవ ఇస్తుంది, ఒక క్లినికల్ ప్రశ్నకు ఉన్న ఆధారాలను క్లుప్తంగా తేల్చే సారాంశాలు ప్రచురిస్తూ వచ్చింది. కాలేజీ గోడలు దాటి ఈ వృత్తి బతకగలదని చూపే నమూనా అదే.

చాట్‌బాట్‌లు వచ్చాయి కదా, ఇక వీళ్లెందుకు అని అడిగేవాళ్లుంటారు. అసలు లోకంలోనే లేని పేపర్లకు అవి పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా రిఫరెన్సు తయారుచేయగలవు, విద్యార్థి ఆ పేపర్ తెచ్చిపెట్టమని లైబ్రరీకి వస్తాడు, అది లేదని నిరూపించడానికి లైబ్రేరియన్‌కి గంట. పశువైద్యంలో ఆ ప్రమాదం ఎక్కువ అనుకోవడానికి కారణం ఉంది: నెట్‌లో రాత అంతా మనుషుల మందుల గురించే, గేదె మీద సమాచారం లేనిచోట యంత్రం మనుషులదో కుక్కదో తెచ్చి ధైర్యంగా అతికిస్తుంది. ‘ఏమీ లేదు’ అని చెప్పడం దానికి ఇంకా సరిగ్గా రాలేదు.

మన దగ్గర మాత్రం ఎవరూ ముట్టుకోని పని ఒకటి మిగిలి ఉంది. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, చిటుక వ్యాధి, పారుడు అంటూ రైతులు పిలిచే పేర్లతో పశుసంవర్ధక శాఖ వేసిన కరపత్రాలు, కాలేజీల విస్తరణ విభాగాల చిన్న పుస్తకాలు, రైతు పత్రికల్లో పశువైద్యులు రాసిన వ్యాసాలు తెలుగులో దశాబ్దాల తరబడి వచ్చాయి. విదేశీ డేటాబేస్‌లు వాటిని చేర్చుకోవు, చేర్చుకోవాలని వాటికి అనిపించడానికి కారణమూ లేదు. తెలుగు పేరుకి ఎదురుగా శాస్త్రీయ నామం, ఏ జిల్లాలో ఏ పేరు వాడతారో, ఏ సంచికలో ఏముందో చెప్పే ఒక సూచిక తయారుచేయాలంటే తెలుగు రావాలి, జబ్బులు తెలియాలి, కేటలాగింగ్ తెలియాలి. తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో ఒక అసిస్టెంట్ లైబ్రేరియన్‌కి సిమిలారిటీ రిపోర్టుల బాధ్యత తప్పించి ఈ పని అప్పగిస్తే, మొదలుపెట్టడానికి ఒక స్కానర్, రెండేళ్ల టైమ్ చాలు.